కుడి సీటుకో రేడియో

ఎల్క్ ఫోర్డ్, మోంటానా
2006 ఏప్రిల్ 24

అర్లిస్ తల్లీ,

నాన్న రాస్తున్నాను. ఒళ్ళు బాగానే ఉంది. ఆ ముక్క ముందే చెప్పేస్తే తక్కిన ఉత్తరం నిమ్మళంగా చదువుతావని మొదట్లోనే రాశాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అని నువ్వంటావు. ఇంతకాలం పోస్టు ఉప్పు తిన్నవాణ్ణి, ఫోన్లో మాట్లాడితే మా డిపార్టుమెంటు ఏం బాగుపడుతుంది?

సంగతేమిటంటే, కారులో రేడియో చచ్చిపోయింది. బతికున్నప్పుడు మాత్రం ఏం ఉద్ధరించింది! ఒకటే స్టేషన్. గొడ్ల ధరలు, ఆ తర్వాత ప్రసంగం, మళ్ళీ గొడ్ల ధరలు. బ్లాక్‌టెయిల్ లోయలోకి దిగితే అదీ ఉండదు, ఒట్టి గరగర. స్పోకేన్‌లో కార్లకి స్టీరియోలు బిగించే కొట్టు నడిపే కూతుర్ని పెట్టుకుని పరాయివాణ్ణి అడగడం నాకు నామోషీ.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. క్యాటలాగులన్నీ తిరగేశాను. శాటిలైట్ రేడియో పట్టాలి. లోయలో ఆకాశం అరచేతంతే కనపడుతుంది కాబట్టి అక్కడ అదీ మూగబోతుందట, అందుకని జేబులో పెట్టుకునే ప్లేయర్ తగిలించుకోవడానికి ఒక బెజ్జం ఉండాలి. బొత్తాలు కుడి సీటుకి అందాలి. తెర మీద అక్షరాలు కుడి సీటుకి కనపడాలి. కుడి అద్దం దించి ఉన్నా పాట వినపడాలి. ఇంతే, పెద్ద కోరికలేం కావు.

మార్చి ఆఖర్న ఆఫీసులో కేకు కోసిన ఫొటో నీకు అందే ఉంటుంది. కేకు బాగుంది, నిమ్మకాయది.

మీ నాన్న
లీలాండ్ టోర్గర్సన్

స్పోకేన్
మే 3

నాన్నా,

అందింది. నువ్వూ కేకూ కలిసి మా ఫ్రిజ్ మీద ఉన్నారు. డ్వేన్ అయితే వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు, మా మామగారు ఎట్టకేలకు రిటైరయ్యారని. జనవరిలో నువ్వు కునుకు తీసి కారుని నది గట్టు అంచు దాకా తీసుకెళ్ళావు చూడు, ఆ రోజు నుంచీ నేను సరిగా తినలేదు. ఆ పైన్ చెట్టు అడ్డం లేకపోతే కారు నదిలో ఉండేది, నువ్వు కూడా. ఇక టపా మోయనని నా చేతిలో చెయ్యేసి మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు. నా బంగారు నాన్నవి.

ఇప్పుడు స్టీరియో సంగతి. ఇది నా పని, నాకు వదిలెయ్. క్యాటలాగులో అట్ట మీద డాల్ఫిన్లు ఈదుతూ రంగులు మారే తెర ఒకటుంది, దాని మీద నీ కన్ను పడే ఉంటుంది. వద్దు. రెండు సీజన్లకి ఆ డాల్ఫిన్లు చచ్చి తేలతాయి, బోలెడు చూశాను. నేను చెప్పేదానికి తెర చిన్నది, బొత్తాలు పెద్దవి, ఎంత మొరటుగా వాడినా చెడిపోదు. శాటిలైట్ పెట్టె వెనకాల తగులుతుంది, యాంటెన్నా అయస్కాంతంతో కప్పు మీద కూర్చుంటుంది. ప్లేయర్‌కి వైరు ముందుకి తీసి ఇస్తాను.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు కుడి సీట్లో కూర్చుని, ఎడం సీటు ముందున్న స్టీరింగు ఎడం చేత్తో, బ్రేకు ఎడం కాలితో అందుకుంటూ, కుడిచేత్తో రోడ్డు పక్క టపా పెట్టెల్లో ఉత్తరాలు కుక్కుతూ బండి తోలావు. ఆ అవస్థ తీరింది కదా. ఇప్పుడు అందరిలాగే ఎడం సీట్లో కూర్చుని తోలుకుంటున్నావు. మరి తెర కుడి సీటుకి కనపడటం ఎందుకు? ఏ ఆడమనిషినైనా ఎక్కించుకుని తిరుగుతున్నావా ఏమిటి? ఊరికే అన్నాలే, ఉడుక్కోకు.

యాంటెన్నా పెట్టడానికి కప్పు మధ్యలో చోటుందా? ఒక శనివారం నేనే వచ్చి బిగిస్తాను.

అర్లిస్

ఎల్క్ ఫోర్డ్
మే 12

అర్లిస్ తల్లీ,

డాల్ఫిన్లు వద్దన్నావు, సరే. వాటిలో ఒకటి గెంతడం బాగుంది గానీ నీ మాటకి ఎదురు చెప్పను.

కుడి పక్క కూర్చున్నవాళ్ళకే రేడియోతో పని ఎక్కువ, అందుకే అలా అడిగాను. కప్పు మధ్యలో చోటు లేదు, వేరే సామాను ఉంది, పక్కన పెట్టుకుంటాను. ఇంకో మాట. ఈ కారు అడుగడుక్కీ ఆగుతుంది. ఆగడం, అద్దంలోంచి రెండు మాటలు, కదలడం, మళ్ళీ ఆగడం. ఆగినప్పుడల్లా పాట మొదటికి వెళ్ళే రకమైతే నాకు పిచ్చెక్కుతుంది. దుమ్ము కూడా చాలా పడుతుంది. కుడి అద్దం ఎక్కించడమన్నది జరగదు, చలికాలంలో కూడా.

నువ్వు రావద్దు. మంచు కరిగి రోడ్డు పాడైంది. నీకు చేతినిండా పని ఉంటుంది. వైర్లు బిగించడం నాకు చేతకాదా? ఇంట్లో కరెంటంతా నేనే వేశాను, మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారే షాక్ కొట్టింది.

లోయ అవతలి కొసన ఉండే మిసెస్ ఓస్ట్‌బీ నిన్ను అడిగింది. మొన్న రూబార్బ్ కాడలు పెట్టి పై అనే తీపి వంటకం చేసి అద్దంలోంచి అందించింది. నిన్న మళ్ళీ. ఆవిడ చేతిలో ఏదో ఉంది గానీ ఇంకెవరికీ అలా కుదరదు.

మీ నాన్న

స్పోకేన్
మే 21

నాన్నా,

ఇంక దాచకు. అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది. నన్ను రావద్దన్నప్పుడు కాస్త మనసు కలుక్కుమన్న మాట నిజం. రోడ్డు పాడైందట! ఆ రోడ్డు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఎప్పుడు బాగుంది గనక?

తర్వాత కూర్చుని ఆలోచించాను. అమ్మ పోయి ఆరేళ్ళు. నువ్వు ఇంట్లో ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చునే మనిషివి కావు. అలా కూర్చోబెడితే రెండేళ్ళలో ఎండిపోతావు. నీకు నచ్చినట్టు నువ్వు బతకడానికి నా అనుమతి ఏమిటి? నాకు సంతోషమే నాన్నా, నిజంగా. డ్వేన్‌కి కూడా. బెర్నీస్ అత్తకి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఏడ్చేసింది పాపం.

సెట్టు పంపుతున్నాను. ఇలాంటి తెరలు పక్కనుంచి చూస్తే నల్లగా అయిపోతాయి. అందుకని దాని మొహం కుడి వైపుకి తిరిగేలా ఏటవాలుగా ఒక చట్రం నా చేత్తో చెక్కాను. కుడి తలుపుకి అంటించుకోవడానికి చిన్న రిమోటు పెట్టాను. కుడి స్పీకరు మంచిది వేశాను. పెట్టెలో లావెండర్ రంగు దిండు ఒకటుంది. అది కుడి సీటుకి. గంటల తరబడి కూర్చుంటే నడుం పట్టేస్తుంది కదా.

వాకిట్లో పాత సామాన్లు పెట్టి అమ్మే ప్రతి ఇంటి ముందూ ఆగుతూ మీరిద్దరూ తిరగడం మాత్రం కాస్త తగ్గించుకోండి, ఇల్లు నిండిపోతుంది. అద్దం దించేది సిగరెట్ కోసమైతే, మానడం మంచిదని నా మాటగా చెప్పు.

ప్రేమతో
అర్లిస్

ఎల్క్ ఫోర్డ్
జూన్ 9

నా తల్లీ, నా అర్లిస్,

నీ ఉత్తరం పోస్టాఫీసులో నిలబడే చదివాను. గుండెల మీది బండ దిగిపోయింది. నీకు తెలిసిపోతుందని నాకు తెలుసు, ఎవరి కూతురివి! తెలిసి కూడా సంతోషమే అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నాకు పదేళ్ళు తగ్గాయి.

ఇక దాపరికం ఎందుకు, వివరంగా చెబుతాను. శుక్రవారం కేకు కోశారు. సోమవారం నా బదులు కొత్తావిడ వచ్చింది. మంచిదే, పాపం. కుడి సీట్లో కూర్చుని ఎడం కాలు చాపి బ్రేకు తొక్కడం ఆవిడ నడుముకి పడలేదు. మధ్యాహ్నానికల్లా తాళాలు బల్ల మీద పెట్టి దండం పెట్టింది. ఎవరూ దొరక్కపోతే లోయలో పెట్టెలన్నీ పీకి హైవే దగ్గర వరసగా పాతుతారట. మిసెస్ ఓస్ట్‌బీకి ఎనభై నాలుగు. గుండె మాత్రలు టపాలోనే వస్తాయి. కారు తోలదు, హైవే దాకా ఎలా వస్తుంది? మంగళవారం పొద్దున్న నేనే వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను. నీకు కేకు గురించి రాశాను, అది అబద్ధం కాదు. మంగళవారం గురించి రాయలేదంతే.

సెట్టు అదిరింది! నేనే బిగించాను. తెర నా వైపే చూస్తోంది, అక్షరం అక్షరం కనపడుతోంది. కప్పు మీద టపా బండి పసుపు దీపం పక్కన యాంటెన్నా కూర్చుంది. మన బేస్‌బాల్ జట్టు ఓడిపోవడం ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. పోల్కా డాన్సు పాటలకి ఒక స్టేషన్ ఉంది తెలుసా? పొద్దస్తమానం పోల్కాలే. నీ దిండు వల్ల నడుం ఎక్కడుందో కూడా తెలియడం లేదు. మిసెస్ ఓస్ట్‌బీ చేత ఫొటో తీయించాను, ఇందులో పెట్టాను.

సిగరెట్ గురించి ఎందుకు రాశావో బోధపడలేదు. నేను మానేసి ఇరవై ఏళ్ళయింది. బెర్నీస్ నుంచి అభినందనలంటూ కార్డొచ్చింది, దాని మీద రిబ్బను కట్టిన రెండు చర్చి గంటల బొమ్మలూ ఒక జత పావురాలూ. రిటైర్ కానందుకు పావురాలెందుకో!

నిన్ను కన్నందుకు గర్వపడే
నీ నాన్న

స్పోకేన్
జూన్ 15

నాన్నా,

నేను నీకు పెళ్ళి చేసేశాను! మిసెస్ ఓస్ట్‌బీతో! బెర్నీస్ అత్త పంపింది పెళ్ళి కార్డు! ఆవిడకి ఎనభై నాలుగని నాకేం తెలుసు, నా కళ్ళలో ఆవిడ ఇంకా గుర్రమెక్కి తిరుగుతూనే ఉంది. కుడి సీట్లో ఆవిడ కూర్చుంటుందని తెర తిప్పాను. ఆవిడ నడుం కోసం దిండు కొన్నాను. ఆవిడ ఊపిరితిత్తుల గురించి దిగులు పడ్డాను. డ్వేన్ రెండు రోజుల నుంచి పడీ పడీ నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు.

ఫొటో చూశాను. కుడి సీట్లో నువ్వు, ఒళ్ళో టపా తొట్టి, మొహం వెలిగిపోతోంది. ఆ ఫొటో చింపేద్దామనుకుని చింపలేకపోయాను.

జనవరిలో ఫోన్ నేనే ఎత్తాను నాన్నా. చక్రం ఒకటి గాలిలో ఉందని షెరీఫ్ మెల్లగా చెప్పాడు. ఆయన అంత మెల్లగా చెప్పడం వల్లే నాకు భయం పట్టుకుంది, ఇంకా వదల్లేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు, నువ్వున్నావు కదా అప్పుడు. చెయ్యి పట్టుకుని మాటిచ్చి, కేకు కోయించుకుని, ఒక్క వారాంతం ఆగి మళ్ళీ ఆ లోయలోకే వెళ్ళావు. దానికి నా చేత్తోనే సింహాసనం అమర్చి పంపాను.

అసలు నాకు తట్టాల్సింది. ఆరేళ్ళప్పుడు వేసవంతా టపా కారులో ఎడం సీట్లో నేనే కూర్చునేదాన్ని. నువ్వు కుడి సీట్లోంచి కాలు చాపి తోలుతుంటే, స్టీరింగు ముందు నేనుండేదాన్ని కాబట్టి కారు నేనే తోలుతున్నానని నమ్మేదాన్ని. అప్పట్లో పిల్లల్ని ఎక్కించుకోవద్దని ఎవరూ అనలేదు. ఇప్పుడు బుర్రలో ఏం కూరుకున్నానో ఏమో, ఒక్కసారి గుర్తు రాలేదు.

సెట్టు ఊడదీసి వెనక్కి పంపు. టపా మానెయ్. లేదంటే నేను మాట్లాడను.

అర్లిస్

ఎల్క్ ఫోర్డ్
జూన్ 22

అర్లిస్,

సెట్టు పంపను. టపా మానను. మాట్లాడకపోతే మానెయ్, ఉత్తరాలు రాయి. ఎటూ అందించేది నేనే.

పెళ్ళి సంగతి మిసెస్ ఓస్ట్‌బీకి చెప్పాను. గేటు పట్టుకుని నవ్వింది. నేను మరీ కుర్రాణ్ణట, ఆలోచించి చెబుతానంది.

కోపం తీరాక ఈ కింది ముక్క చదువు. మాట తప్పాను. అది తప్పే, నీకు చెప్పి తప్పాల్సింది. నువ్వు భయపడ్డావని రాశావు, ఆ కాగితం చొక్కా జేబులోనే ఉంది. కానీ నేను ముసలాణ్ణయి తూలిపోయానని మాత్రం అనుకోకు. ఈ రూటు అంతా నేను గద్దలా మేలుకుని ఉంటాను. వంతెన దాటి లోయలో దిగాకే వస్తుంది తంటా. రేడియో ఆగిపోతుంది, నది ఒకే శ్రుతిలో పోతూ ఉంటుంది, ఎండ రాదు, పెట్టెకీ పెట్టెకీ మధ్య బోలెడు దూరం. మనిషి గొంతు వినపడని చోట నాకు కన్ను మూతపడుతుంది. నేను శాటిలైట్ అడిగింది సరదాకి. ప్లేయర్‌కి బెజ్జం అడిగింది మాత్రం బతకడానికి.

నువ్వు ఎడం సీట్లో ఉన్నన్నాళ్ళూ లోయలో నాకు ఒక్కసారి కునుకు రాలేదు. ఎలా వస్తుంది? నోరు మూసేదానివా? ప్రతి పెట్టె పేరూ అరిచేదానివి, నేను చూడలేనేమో అన్నట్టు.

ఇంకా ప్లేయర్ కొనలేదు. నీ వైరు ముందు వేలాడుతూనే ఉంది. ఏది కొనాలో నువ్వు చెబితే బాగుండునని ఆగాను.

నీ మొండి నాన్న

స్పోకేన్
జూలై 6

నాన్నా,

చిన్న పెట్టెలో ప్లేయర్ పంపుతున్నాను. నీ వేళ్ళకి పట్టేలా పెద్ద బొత్తం ఉన్నదే చూశాను. మా కొట్టులో ఉన్నవన్నీ తిరగేసి, గొంతు అన్నిటికంటే బాగా పలికేది ఏరాను. అద్దం దించి ఉన్నా వినపడుతుంది, పరీక్షించాను.

ఒకటే షరతు. వంతెన దాటగానే నొక్కాలి. పెట్టె దగ్గర ఆగినప్పుడు ఆపుకో, కదలగానే మళ్ళీ నొక్కు. ఆపిన చోటి నుంచే వస్తుంది, మొదటికి పోదు.

కోపం పోలేదు.

అర్లిస్

ఎల్క్ ఫోర్డ్
జూలై 20

తల్లీ,

వంతెన దాటాక నొక్కాను. పోల్కాలే నింపావనుకున్నాను. రెండు వరసలు వాయిద్యం మోగిందో లేదో, కారంతా అదిరేలా నీ గొంతు.

"నాన్నా! వంతెన దాటావు. నడుం నిటారుగా పెట్టు!"

రోడ్డు మధ్యలో కారు ఆపేశాను.

తర్వాత మొదలయ్యావు. "హాగెన్ వాళ్ళ పెట్టె! మూత బిగుతు, గట్టిగా లాగు!" గట్టిగానే లాగాను, ఇంకా బిగుతుగానే ఉంది. "లుండ్‌గ్రెన్! కుక్క! చెయ్యి లోపలికి!" ఆ కుక్క పోయి ఎంతకాలమైందో, అయినా చెయ్యి చటుక్కున లోపలికి లాక్కున్నాను. మధ్య మధ్యలో పోల్కాలు, మధ్యలో నీ కొట్టు కబుర్లు, డ్వేన్ గురకల గురించి చాడీలు. ముప్పై మూడేళ్ళ కిందటి లోయ అంతా ఆ బుర్రలో ఎలా దాచుకున్నావే? నన్ను అప్పటి నాన్నలాగే పరిగెత్తిస్తున్నావు, నీ వెనక అందుకోవడానికి నాలుగు సార్లు బొత్తం నొక్కి ఆపుకోవాల్సి వచ్చింది.

పైన్ చెట్టు మలుపు దగ్గర వాయిద్యం ఆగిపోయింది. "నాన్నా, మలుపు. మాట్లాడు. ఏదో ఒకటి గట్టిగా చెప్పు, నాకు వినపడాలి" అన్నావు. ఆ తర్వాత ఏమీ అనకుండా ఎదురు చూశావు. ఒక్కణ్ణే ఉన్న కారులో, "మేలుకునే ఉన్నానమ్మా" అని అరిచాను. అరిస్తే తప్ప నువ్వు పాట మళ్ళీ మొదలుపెట్టవేమో అనిపించింది. ఇప్పుడు రోజూ అక్కడ అరుస్తున్నాను. మొన్న ఒకరోజు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది గానీ, మూతపడ్డం మాత్రం లేదు.

లోయ జనమంతా విన్నారు. అద్దం దించే ఉంటుంది కదా. హాగెన్ పెద్దాయన తన మూతకి నూనె రాయించాడు, ఊరందరి ముందూ తిట్టించుకోలేనని. మిసెస్ ఓస్ట్‌బీ గేటు దగ్గర నిలబడి, "అది అర్లిస్ గొంతు కాదూ? అచ్చం అలాగే ఉంది, ఆ పిల్ల ఏం మారలేదు" అంది. మాత్రలు ఇచ్చాను. రూబార్బ్ పై ఇచ్చింది.

నీ పనిలో నేను తప్పు పట్టడం ఇదే మొదటిసారి. ఒక పెట్టె వదిలేశావు. లుండ్‌గ్రెన్ దాటాక పాత గొర్రెల దొడ్డి దగ్గర కొత్త పెట్టె, ఎర్ర రంగుది. నువ్వు వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళు, ఇద్దరు పిల్లలు. అక్కడికి వచ్చేసరికి నువ్వు ఏమీ అనవు. ఒట్టి నది చప్పుడే. నాకు ఆ చోటు నచ్చడం లేదు.

వచ్చి చూసి, ఆ పేరు కూడా చెప్పి వెళ్ళు. రోడ్డు బాగానే ఉంది, ఎప్పుడూ బాగానే ఉంది. ఆదివారం టపా ఉండదు కాబట్టి నిన్ను ఎక్కించుకున్నా ఎవరూ ఏమీ అనరు. లావెండర్ దిండు తీసి ఎడం సీట్లో వేశాను.

మీ నాన్న